చిగుళ్ళు ఎందుకు వాస్తాయి?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

మిత్రులారా, ఈ వయసులో మనం కలిస్తే షుగరు, బీపీ, మోకాళ్ళ నొప్పుల గురించే మాట్లాడుకుంటాం. చిగుళ్ళ ఊసు ఎవరూ ఎత్తరు.

"రక్తం వస్తోందని ఆ వైపు తోమడం మానేశాను డాక్టరుగారూ" అనే మాట నేను తరచూ వింటాను. చేయాల్సిన దానికి అది పూర్తిగా తిరగేసిన పని. పంటి మొదట్లో అంటుకున్న పాచి వల్ల చిగురు వాస్తుంది. వాచిన చిగురు నుంచే రక్తం వస్తుంది. తోమడం మానితే పాచి గట్టిపడి గారవుతుంది, చిగురు ఇంకా ఉబ్బి పంటి మీదికి పాకుతుంది. 1965లో డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో హరాల్డ్ లో బృందం ఆరోగ్యంగా ఉన్న 12 మంది చేత పళ్ళు తోమడం మాన్పించింది. వాళ్ళలో ఎక్కువమంది దంతవైద్య విద్యార్థులే! మూడు వారాల్లోపు అందరి చిగుళ్ళూ వాచాయి. మళ్ళీ తోమడం మొదలుపెట్టాక కొద్ది రోజుల్లోనే తగ్గాయి.

పాచికి తోడయ్యేవి వేరే ఉన్నాయి. అదుపులో లేని షుగరు, గర్భం, నోటితో గాలి పీల్చడం, పళ్ళకు వేసే క్లిప్పులు. మనలో చాలామంది బీపీకి వేసుకునే ఆమ్లోడిపిన్, మూర్ఛకు ఇచ్చే ఫెనిటాయిన్ కూడా కొందరిలో చిగురును పెంచుతాయి. అలాగని మాత్ర మీ అంతట మీరు ఆపకండి. మార్చాలా వద్దా అన్నది ఆ మందు రాసిన డాక్టరు చెప్పాలి. అందుకే మా దగ్గరికి వచ్చేటప్పుడు మీ మందుల చీటీ తప్పక తెచ్చుకోండి.

మేము సన్నటి కొలపుల్లతో చిగురు లోతు చూస్తాం, ఎముక అరిగిందేమో ఎక్స్‌రే తీస్తాం. ఎర్రగా, మెత్తగా ఉన్న వాపు గార తీయించి శుభ్రంగా తోముకుంటే చాలావరకు తగ్గుతుంది. కొన్ని వారాల తర్వాత మళ్ళీ చూసి, గట్టిపడి మిగిలిన చిగురుంటే మత్తిచ్చి కత్తిరిస్తాం. క్లీనింగ్ చేయిస్తే పళ్ళు కదులుతాయన్నది అపోహ. ఎముక అరిగిన పంటిని అంతవరకూ గార పట్టి ఉంచుతుంది, అది పోగానే కదలిక బయటపడుతుంది, అంతే.

ఒక్క సందర్భంలో మాత్రం ఆలస్యం పనికిరాదు. చిగుళ్ళు కొద్ది రోజుల్లోనే బాగా ఉబ్బి, దానితో పాటు జ్వరం, నీరసం, ఒంటిమీద కమిలిన మచ్చలు కనిపిస్తే అది రక్త క్యాన్సర్ కావచ్చు. మనకే కాదు, మన మనవలకైనా రావచ్చు. అప్పుడు ముందు రక్తపరీక్ష, ఆ తర్వాతే క్లీనింగ్.