మన దస్తర్ఖానూ, ఇరుగు పొరుగూ
(సొసైటీ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  మేము ఉర్దూ బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్ళము. తెలుగు సభలో మాట్లాడమంటే నోరు కొంచెం తడబడుతుంది, తప్పులుంటే మన్నించండి. విద్య గురించి మాట్లాడమని కార్యదర్శిగారు అన్నారు. ప్రతి యేడూ అదే కదా, యీసారి తిండి గురించి మాట్లాడతామన్నాము. ఆయన నవ్వి సరేనన్నారు.

ముస్లిముల యిల్లంటే రోజూ బిరియానీ అని బయటివాళ్ళనుకుంటారు. మన నల్లచెరువులో ఏ సాయిబుల యింట్లోనైనా తొంగిచూడండి. రాగిసంగటి, పప్పు, శెనక్కాయల వూరుబిండి. వాన మొహం చాటేసిన సంవత్సరాల్లో అదీ పలచబడేది. మా చిన్నతనంలో, అంటే 1980ల చివర, వరి అన్నం పండుగకో, చుట్టం వస్తేనో. అమ్మీ అరకిలో మాంసంలో సొరకాయ ముక్కలు కలిపి ఎనిమిది మందికి సరిపెట్టేది. ముక్కలు లెక్కపెట్టి వేసేది. తన పళ్ళెం దగ్గరికి వచ్చేసరికి పులుసే మిగిలేది. అది మాకు చాలా ఏళ్ళ దాకా కనబడలేదు. కూరలో నీళ్ళు ఎక్కువ పోసి అయినా పొరుగువాళ్ళను గుర్తుపెట్టుకోమని ప్రవక్తగారు అబూజర్‌గారికి చెప్పిన మాట ఆమెకు తెలుసు. చదువు రాకపోయినా తెలుసు. ఆ నీళ్ళ వల్లే కూర పలచగా వుందని మేము గొణిగేవాళ్ళము.

రంజానుకు మా యింటి నుంచి షీర్ ఖుర్మా గిన్నెలు వీధి పొడుగునా పోయేవి. ఉగాదికి అటునుంచి ఓళిగలు వచ్చేవి. మన చేతివంట తినని యిళ్ళకు సేమియా, చక్కెర, పాలు, ఖర్జూరాలు విడివిడిగా పంపేవాళ్ళము, వాళ్ళే వండుకునేవారు. అందులో వాళ్ళకు నామోషీ లేదు, మాకు కోపమూ లేదు. ఎవరి పద్ధతి వారిది. ఒక్కటి మాత్రం అందరిదీ ఒకటే పద్ధతి: పొరుగింటి గిన్నె ఖాళీగా తిరిగి పంపకూడదు. ఏమీ లేకపోతే గుప్పెడు శెనక్కాయలైనా, చిటికెడు చక్కెరైనా వేసి యిచ్చేవారు.

మన జిల్లాలూ అట్లాంటివే. నార్పల మండలం గూగూడులో మొహర్రానికి కుళ్లాయిస్వామి దగ్గరికి వచ్చే జనాన్ని చూసినవాళ్ళు యిక్కడ చాలామంది వున్నారు. హిందువులు తెచ్చిన చక్కెర మీద ముజావరు ఫాతెహా చదువుతాడు, ఆ చదివింపు తలా కొంచెం పంచుకుంటారు. కవి, ఆచార్యులు అఫ్సర్‌గారు ఆ వూరి మీద రాసిన ఇంగ్లీషు పుస్తకం 2013లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ నుంచి వచ్చింది. పెనుకొండ బాబయ్య దర్గాకు వెళ్ళేవాళ్ళలోనూ అన్ని కులాలవాళ్ళూ వుంటారు. చదివింపులు సరైనవా కావా అని మనలోనే వాదముంది. అది మౌల్వీసాబుల విషయం, మేము దాంట్లోకి పోము. మేము మాట్లాడేది పంచుకు తినడం గురించి.

యిక ఒక తప్పు వొప్పుకోవాలి. రెండేళ్ళ కిందట రంజానుకు మా యింటి నుంచి గిన్నెలు బయటికి పోలేదు. ఎవరు ఏం తినాలి, ఎవరి అంగట్లో కొనాలి అని ఫోన్లలో రోజూ ఏదో ఒక రగడ. పక్కింటివాళ్ళ కొడుకు బెంగుళూరు నుంచి వచ్చివున్నాడు. పంపితే ఏమనుకుంటారో, తీసుకుని పారబోస్తారేమో, పంపకపోతే మర్యాదగా వుంటుంది కదా అని మాకు మేమే అనుకున్నాము. మా యింట్లోవాళ్ళు "పంపించాలా?" అంటే వద్దులే అన్నాము.

సాయంత్రం పక్కింటి అవ్వ కర్ర పట్టుకుని వచ్చింది. "ఏమప్పా అయివారూ, ఈ తూరి మా యింటికి గిన్నె రాలేదే? మాపైన కోపమా?" అంది. పిల్లలకు నిజం చెప్పమని పాఠం చెప్పే మేము, పాలు విరిగిపోయినాయవ్వా అన్నాము. లోపలినుంచి మా ఇల్లాలు, "విరగలేదవ్వా, వుంది, కూర్చో" అని గిన్నె తెచ్చిపెట్టింది. అవ్వ వసారాలో కూర్చుని తాగింది. ఖర్జూరం పళ్ళకు అడ్డం పడిందని తిట్టింది. మూడోనాడు గిన్నె తిరిగివచ్చింది, దాని నిండా వూరుబిండి. తెచ్చింది ఆ బెంగుళూరు అబ్బాయే. మేము అతని మొహం సూటిగా చూడలేకపోయినాము.

హోటలు సంగతి. మా చిన్నప్పుడు కదిరికి పోయి దోసె తినడమంటే పండుగే. అబ్బా తనకు ఆకలి లేదని టీ మాత్రం తాగి, మేము తింటుంటే చూస్తూ కూర్చునేవాడు. యిప్పుడు బిరియానీ పొట్లం యింటికే వస్తుంది. మేమూ తెప్పించుకుంటాము, తప్పేమీ లేదు, వంట చేసే ఆడమనిషికి ఒక పూట విశ్రాంతి. కానీ పొట్లాన్ని ఎవరికి వాళ్ళు విప్పుకుని, ఎవరి ఫోను వాళ్ళు చూసుకుంటూ తింటున్నారు. ఒకే పళ్ళెం చుట్టూ నలుగురు కూర్చున్నప్పుడు పక్కవాడు ఎంత తింటున్నాడో, ఎందుకు తినడం లేదో తెలిసేది.

పెండ్లి విందుల మాటెత్తితే కొందరికి కోపం వస్తుంది, రానివ్వండి. రెండు తీపులు, దాల్చా, బిరియానీ, ఆపైన చికెన్ వేపుడు. దానికోసం వడ్డీకి తెచ్చిన బాకీ తీర్చడానికి ఆ తల్లే కువైటులో ఎవరి వంటింట్లోనో పనికి పోతుంది. అట్లాంటి తల్లి కొడుకు ఒకడు మా తరగతిలో వుండేవాడు. పొద్దున యింట్లో ఏమీ తినకుండా వచ్చేవాడు. వాడికి కడుపునిండా భోజనం బడిలోనే.

2001లో సుప్రీంకోర్టు ఆదేశించాక, 2003 జనవరి నుంచి మన రాష్ట్రంలో బడుల్లో వేడి అన్నం వండిపెట్టడం మొదలైంది. తర్వాత గుడ్డు, మన శెనక్కాయల చిక్కీ, 2023లో రాగిజావ వచ్చాయి. 2024లో ఆ పథకానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. కోనసీమలో లంకల గన్నవరంలో ఎవరు ఏ వేళ వచ్చినా అన్నం పెట్టిన తల్లి, 1909లో పోయింది. పేర్లు మారుతుంటాయి, పిల్లలకు మాత్రం గుడ్డు గుర్తుంటుంది. మా వాడు గుడ్డును చివరిదాకా దాచుకుని, పక్కవాడికి సగం తుంచి యిచ్చేవాడు. ఎందుకురా అంటే, "అమ్మీ అట్లే యిచ్చేది సార్" అన్నాడు.

వంటవాళ్ళు డేగు మూత తీశారని కబురు వచ్చింది, కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. ఆయనను ఒక విషయానికి ముందే వొప్పించాము. యీ పూట మొదటి పంక్తి తెర అవతలివాళ్ళది, వడ్డన మాది. గరిటె పట్టడం రానివాళ్ళు నీళ్ళ జగ్గు పట్టుకోండి. సెలవు.