అండం సంగతి తెలిస్తే నింద తగ్గుతుంది
(మహిళా సమావేశంలో చేసిన ప్రసంగం)



నేను చెప్పబోయేది పదో తరగతి పుస్తకంలో ఉన్నదే. కానీ ప్రత్యుత్పత్తి పాఠం రాగానే చాలా బడుల్లో 'ఇంట్లో చదువుకోండి' అని పేజీలు తిప్పేస్తారు. అందుకే పెళ్లయి పిల్లల కోసం ఎదురుచూసే వయసులో కూడా మనకు ఆ సంగతి తెలియడం లేదు.

అండం మన ఒంట్లోని కణాల్లో పెద్దవాటిలో ఒకటి. అయినా మిల్లీమీటరులో పదో వంతే, కంటికి అందీ అందని చుక్క. క్షీరదాల అండాన్ని 1827లో వాన్ బేర్ అనే శాస్త్రజ్ఞుడు ఆడకుక్కలో మొదటిసారి గుర్తించాడు.

మగవారిలో వీర్యకణాలు యుక్తవయసు నుంచి రోజూ కొత్తగా తయారవుతాయి. ఆడపిల్లకు అలా కాదు. తల్లి కడుపులో ఉండగానే అండాలు ఏర్పడిపోతాయి. పుట్టేనాటికి 10 నుంచి 20 లక్షలు, పెద్దమనిషి అయ్యేనాటికి మూడు నాలుగు లక్షలు. జీవితం మొత్తంలో విడుదలయ్యేవి 400, 500 మాత్రమే. తక్కినవి లోపలే నశిస్తాయి. అంటే మీరు ఏ అండం నుంచి పుట్టారో అది మీ నానీ కడుపులో మీ అమ్మ ఉన్నప్పుడే తయారైంది! ఈ మాట చెబితే మా క్లాసులో అల్లరి పిల్లలు కూడా నోరు తెరుచుకుని వింటారు.

ఆమెకు ముప్పయ్యేళ్లయితే అండానికీ ముప్పయ్యే. 35 దాటాక వాటి సంఖ్య, నాణ్యత త్వరగా తగ్గుతాయి. విడుదలైన అండం ఒక్క రోజుకు మించి బతకదు. అది వీర్యకణంతో కలిసేది గర్భసంచిలో కాదు, ఫెలోపియన్ నాళంలో. ఇన్ఫెక్షన్ వల్లో, క్షయ వల్లో ఆ నాళం మూసుకుపోతే ఎన్ని తాయెత్తులు కట్టినా తెరుచుకోదు.

పిల్లలు లేరంటే అందరూ కోడలి వైపే చూస్తారు. దాదాపు సగం కేసుల్లో మగవారి వైపు కారణం కూడా ఉంటుంది. వీర్యపరీక్ష తేలిక, ఖర్చూ తక్కువ. అయినా దాన్ని అన్నిటికన్నా చివర చేయిస్తారు. ఈలోగా ఆమెకు మూడు నాలుగేళ్లు గడిచిపోతాయి, రెండో సంబంధం మాటలు కూడా మొదలవుతాయి. అందరూ ఆడపిల్లలే అని దెప్పేవారికీ ఒక మాట. అండంలో ఉండేది ఎక్స్ క్రోమోజోమే. ఎక్సో, వైయో తెచ్చేది వీర్యకణం.

ఏడాది కాపురం చేసినా గర్భం రాకపోతే డాక్టరును కలవండి. ఆమెకు 35 దాటితే ఆరు నెలలకే వెళ్లండి. మొదటి రోజే ఇద్దరికీ పరీక్షలు రాయించుకోండి. అత్తగార్లూ, ఈసారి కోడలితో పాటు అబ్బాయిని కూడా ఆటో ఎక్కించండి.