ఏడు రోజుల ప్రభుత్వం



ప్రపంచంలో మొట్టమొదటి కార్మిక పార్టీ ప్రభుత్వం ఏర్పడింది లండన్‌లో కాదు, ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో. 1899 డిసెంబరు 1న వచ్చి, 7న దిగిపోయింది. దాన్ని నడిపిన ప్రీమియర్, మన లెక్కలో ముఖ్యమంత్రి, ఆండర్సన్ డాసన్.

ఆయన 1863లో రాక్‌హాంప్టన్‌లో పుట్టారు. పసితనంలోనే తల్లిదండ్రులు పోయారు, అనాథాశ్రమంలో పెరిగారు. కుర్రతనంలోనే చార్టర్స్ టవర్స్ బంగారు గనుల్లో పనికి చేరారు. అక్కడ బంగారం పలుగురాతిలో దాగి ఉండేది. ఆవిరి యంత్రంతో నడిచే ఇనుప రోకళ్లు ఆ రాతిని పిండి చేస్తే, ఆ పిండిని నీళ్లతో కలిపి పాదరసం పూసిన రాగి రేకుల మీదుగా పారించేవారు. బంగారాన్ని పాదరసం పట్టుకునేది. ఆ ముద్దను కాచి పాదరసాన్ని ఆవిరిగా పంపేస్తే బంగారం తేలేది. రాతిదుమ్ము కార్మికుడి ఊపిరితిత్తుల్లోకి పోయేది, బంగారం వాటాదారుల ఇళ్లకు చేరేది. మన ఇల్లందు వైపు సింగరేణి బొగ్గు తవ్వకం మొదలైందీ ఆ కాలంలోనే, 1889లో. గని కార్మికుల ఇళ్ల నుంచి వచ్చి ఈ రోజు పట్టాలు అందుకుంటున్న పిల్లలు ఈ హాల్లో ఉంటే, ఆ దుమ్ము సంగతి నేను వాళ్లకు చెప్పనక్కర్లేదు.

1891లో గొర్రెల ఉన్ని కత్తిరించే కూలీలు పెద్ద సమ్మె చేస్తే, ప్రభుత్వం సైన్యాన్ని దింపి నాయకుల్ని జైల్లో పెట్టింది. సమ్మెతో కానిది ఓటుతో సాధించాలని కార్మికులు నిశ్చయించుకున్నారు. కార్మిక సంఘంలో పనిచేసి, పత్రిక నడిపిన డాసన్ 1893లో శాసనసభకు గెలిచారు.

1899లో ప్రీమియర్ జేమ్స్ డిక్సన్ బలం సన్నగిల్లి రాజీనామా చేయడంతో డాసన్‌కు పిలుపు వచ్చింది. సభలో ఆధిక్యం లేదని ఆయనకు తెలుసు. అయినా ఒప్పుకున్నారు. సభ ముందుకు వెళ్లిన తొలిరోజే ఓడిపోయారు. ఒక్క చట్టం కూడా చేయలేదు. అయినా ఆ ఒప్పుకోలు చాలా పెద్ద పని అని నా నమ్మకం. కూలివాడికి రాజ్యం చేతకాదన్న మాటను వాదించి కాదు, కుర్చీలో కూర్చుని కొట్టేశారు. ఆ వారం రైల్వేలు చూసిన మంత్రి ఆండ్రూ ఫిషర్ తర్వాత దేశ ప్రధాని అయ్యారు. ఖజానా చూసిన విలియం కిడ్‌స్టన్ క్వీన్స్‌లాండ్ ప్రీమియర్ అయ్యారు.

డాసన్ 1901లో సెనేటర్ అయ్యారు, 1904లో కొద్ది నెలలు రక్షణ మంత్రిగా ఉన్నారు. తర్వాత తాగుడు ఆయన్ని కుంగదీసింది, పార్టీ దూరమైంది. 1910 జులైలో, ఫిషర్ ప్రధానిగా ఉండగానే, నలభై ఏడేళ్లకు బ్రిస్బేన్‌లో చనిపోయారు.

ఇంకో సంగతి దాచకూడదు. గని కార్మికుడికి తలుపు తెరిచిన ఆ పార్టీయే, మనలాంటి రంగువాళ్లను దేశంలోకి రానివ్వని 1901 చట్టానికి మద్దతిచ్చింది. చెరకు తోటల్లో చెమటోడ్చిన పసిఫిక్ ద్వీపవాసుల్ని వెళ్లగొట్టే చట్టానికీ అండగా నిలిచింది. ఈ రోజు మీలో కొందరి అన్నలూ అక్కలూ బ్రిస్బేన్‌లో ఉద్యోగాలు చేస్తున్నారంటే, ఆ చట్టాలను తర్వాతి తరాలు పట్టుబట్టి తీసేయించాయి కాబట్టే. డాసన్‌ని నేను గౌరవిస్తాను. ఆ చట్టాలకు ఇచ్చిన మద్దతును మాత్రం సమర్థించను. మీకూ రెండూ కలిపే చెప్పాలనుకున్నాను.