పాసింజరు బండికి త్రోవ యేది?

(ఒక పఠనమందిరమున గావించిన ఉపన్యాసము)



మేము న్యాయవాదులము, వాయిదాలకు అలవాటుపడినవారము. అయినను పాసింజరు బండి వేయించు వాయిదాలు మాకును దుస్సహముగా నున్నవి. ఒక కౌలురైతు తన దావాలో సాక్ష్యమిచ్చుటకు తెల్లవారకమునుపే స్టేషను చేరి బండి యెక్కినాడు. పట్టణము ఇక ఐదు కిలోమీటర్లున్నదనగా బండిని లూపులైనులో నిలిపిరి. ఒక ఎక్స్‌ప్రెస్సు పోయెను. పిదప బొగ్గుబండి పోయెను. మరల నింకొక ఎక్స్‌ప్రెస్సు. ఆతడు కోర్టు మెట్లెక్కునప్పటికి, మేమెంత వేడినను, సాక్ష్యము ముగిసినదని వ్రాసివైచిరి. దానిని తిరిగి తెరిపించుటకు అర్జీ, స్టాంపులు, మరొక దినపు కూలినష్టము! పది రూపాయల టిక్కెట్టు ఆతనికెంత ప్రియమైనదో చూడుడు.

ఇది నేటి వ్యథ కాదు. గాంధీమహాత్ముడు 1917లో మూడవతరగతి ప్రయాణమునుగూర్చి వ్రాయుచు, తాను బొంబాయినుండి మదరాసునకు పదమూడు రూపాయల తొమ్మిదణాలిచ్చి పోయిన వైనము తెలిపెను. ఇరువదిద్దరికని వ్రాసియున్న పెట్టెలో రాయచూరు దాటినపిదప ఒత్తిడి భరింపరానిదయ్యెనట. 1974లో మూడవతరగతి యను పేరు పోయినది. జనరలు పెట్టె ద్వారమున వ్రేలాడువానికి పోయినదేమో మాకు తెలియదు.

2020 మార్చిలో మహమ్మారివలన ప్రయాణికుల బండ్లు నిలిచెను. మరల నడపినప్పుడు పాసింజరు బండ్లకు ఎక్స్‌ప్రెస్సు స్పెషలని నామకరణము చేసి, పది రూపాయల కనీసపు చార్జీని ముప్పదికి పెంచిరి. పెట్టె అదే, వేగమదే, లూపులైనులో నిరీక్షణయు నదే! పాత చార్జీ 2024 ఫిబ్రవరిలో గాని తిరిగిరాలేదు. కాని ఆ నడుమ ఎత్తివేసిన హాల్టులు అనేక గ్రామములకు చార్జీతోపాటు తిరిగిరాలేదు.

బండ్లు వేళకే చేరుచున్నవని లెక్కలు చూపుదురు. అందలి కిటుకు వినుడు. కాలపట్టికలో చివరిస్టేషనుకు ముందు కొన్ని నిమిషములు అదనముగా వేసియుందురు; గమ్యము చేరిన వేళనుబట్టి లెక్క వ్రాయుదురు. ఆకివీడులోనో కైకలూరులోనో ముప్పావుగంట నిలుచున్న పాలమనిషికి, కళాశాలకు పోవు బాలికకు ఆ లెక్కతో పనియేమి?

2023 జనవరి 15న సికిందరాబాదు విశాఖపట్టణముల నడుమ వందే భారత్ బండి ప్రారంభమైనది. దానిని మేము ద్వేషింపము. పనిబడినపుడు మేమును ఎక్కితిమి. కాని అందులో అన్నియు శీతలపెట్టెలు, రిజర్వు సీట్లు. దానికి దారి యిచ్చుటకు నిలువవలసినవాడెప్పుడును ఒక్కడే యగుట మాత్రము న్యాయముగాదు.

పాసింజరు బండ్లవలన నష్టమని, దానిని సరకుల రాబడితో పూడ్చుచున్నామని రైల్వేవారందురు. ఒప్పుకొందము. అయితే వేళతప్పిన బండి నెవరు నమ్ముదురు? నమ్మక ఆటో యెక్కినవానిని చూపి, జనము లేరని బండిని తగ్గింతురు!

మేము కోరునది గొంతెమ్మ కోరిక గాదు. ఆఫీసుల వేళకు ఉదయమొకటి, సాయంకాలమొకటి, ఈ రెండు బండ్లనైన లూపులో పెట్టకుండ నడుపవలెను. మెమూబండికి రెండుకొనలను నడుపుగది యుండుటచే ఇంజను త్రిప్పబనిలేదు. అది త్వరగా వేగమందుకొనును గనుక హాల్టులు మరల నిచ్చినను కాలనష్టము స్వల్పమే.

ప్రయాణికుల సలహాసంఘము ముందు వట్టి ఆవేదన నిలువదు, సాక్ష్యము కావలెను. అదిగో, ఆ బల్లమీద నోటుపుస్తకము నుంచితిమి. తేది, బండి నంబరు, ఎక్కిన స్టేషను, నిలిపిన చోటు, నిలిచిన నిమిషములు వ్రాయుడు. వ్రాయనేరనివారి మాట వాలంటీర్లు వ్రాసికొందురు. మొదటి పుటలో ఆ కౌలురైతు వేలిముద్ర నిదివరకే యున్నది.