ఖర్చు ఎక్కడ పడుతోంది?

ఈ రోజు పట్టాలు అందుకుంటున్న జీవశాస్త్ర విద్యార్థులకు నా హృదయపూర్వక అభినందనలు.

మీరు చదువుకున్న పాఠంలోంచే ఒక ముచ్చట చెబుతాను. కణకేంద్రకాన్ని చుట్టిన పొరకు రంధ్రాలుంటాయి. ఒక్కో రంధ్రం దాదాపు 30 రకాల ప్రోటీన్లు కలిసి కట్టిన ద్వారం. చిన్న అణువులు అందులోంచి వాటంతటవే వచ్చిపోతాయి. సుమారు 40 కిలోడాల్టన్లు దాటిన ప్రోటీన్లను మాత్రం ఎవరో ఒకరు మోసుకెళ్లాలి. మోసేవారికి ఆనవాలు కనబడాలి. ఎస్‌వి40 వైరస్ ప్రోటీన్ ఒకటి మామూలుగా కేంద్రకంలోకి చేరుతుంది. 1984లో కాల్డెరాన్, స్మిత్ బృందం దాని ఆనవాలులోని ఒకే ఒక్క లైసిన్‌ను మార్చి చూసింది. అంతే, ఆ ప్రోటీన్ సైటోప్లాజంలోనే ఆగిపోయింది.

ఆనవాలు ఉన్న సరుకును ఇంపోర్టిన్ అనే ప్రోటీన్ లోపలికి తీసుకెళుతుంది. అక్కడ జీటీపీ అనే శక్తి అణువుతో ఉన్న రాన్ అనే ప్రోటీన్ ఇంపోర్టిన్‌ను పట్టుకోగానే సరుకు విడిపోతుంది. ఇద్దరూ కలిసి బయటికొస్తారు. బయట ఆ జీటీపీ విరిగి జీడీపీ అవుతుంది, ఇంపోర్టిన్ మళ్లీ ఖాళీ అవుతుంది. రాన్ లోపలికి వెళితే, ఆర్‌సీసీ1 అనే ప్రోటీన్ దానికి కొత్త జీటీపీ తొడుగుతుంది.

ఇందులో నన్ను ఎప్పుడూ ఆకట్టుకునేది ఒకటుంది. ద్వారం దాటడానికంటూ శక్తి ఖర్చు కాదు. లోపల రాన్‌కు జీటీపీ, బయట జీడీపీ ఉండే తేడాను నిలబెట్టడానికే ఖర్చంతా. చెరువు నిండి ఉంటే కాలువలో నీళ్లు వాటంతటవే పారతాయి; నింపడమే అసలు పని.

కాబట్టి ఏదైనా దానంతటదే జరిగిపోతున్నట్టు కనిపిస్తే, ఖర్చు ఎక్కడ పడుతోందని అడగండి. ప్రయోగశాలలోనూ అడగండి, బయటా అడగండి. ఈ వేదిక దాటడానికి మీకు అర నిమిషం చాలు. దాని ఖర్చు మీ ఇంట్లోవాళ్లు, హాస్టల్ వంటవాళ్లు, ల్యాబులో గాజుసామాను కడిగి పెట్టినవాళ్లు, పన్ను కట్టిన జనం ఏళ్ల తరబడి భరించారు.

రేపు మీ మొదటి పరిశోధనా పత్రం రాసేటప్పుడు, కల్చర్లు చచ్చిపోకుండా కాపాడిన టెక్నీషియన్ పేరు అందులో ఉందో లేదో ఒకసారి చూసుకోండి. లేకపోతే చేర్చాకే పంపండి. శుభం!