ఆకాశ్ టాబ్లెట్: జమా ఖర్చుల పట్టిక

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈసారి కంప్యూటర్ల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు కోరారు. నేను ఇంజనీరును కాను. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో స్టోర్సు, కొనుగోళ్ల సెక్షన్‌లో పనిచేసినవాణ్ణి. టెండర్లు పిలవడం, కొటేషన్లు పోల్చి పట్టిక వేయడం, సరుకు వచ్చాక స్టాకు రిజిస్టరులో ఎక్కించడం నా వృత్తి. ఆ కళ్లతోనే ఒక వస్తువును మీ ముందు పరిశీలిస్తాను. అది మన విద్యార్థుల కోసం కేంద్ర ప్రభుత్వం పూనుకుని తయారు చేయించిన చవక టాబ్లెట్, 'ఆకాశ్'. పాత సంగతి ఇప్పుడెందుకు అంటారేమో. మనవడికో మనవరాలికో, లేక మనకో, టాబ్లెట్ కొనాలనే మాట ఈనాడు ప్రతి ఇంట్లోనూ వస్తోంది. ఆకాశ్ నేర్పిన పాఠం ఆ కొనుగోలుకు పనికొస్తుంది.

ముందు పూర్వాపరాలు. ఈ కథకు మన తిరుపతితో సంబంధం ఉంది. 2009 ఫిబ్రవరి 3న తిరుపతిలో జరిగిన సభలో పది డాలర్ల కంప్యూటర్ అంటూ ఒక పరికరాన్ని ప్రదర్శించారు. ఐదు వందల రూపాయలకు లాప్‌టాప్ వస్తుందని దేశమంతా ఎదురుచూసింది. తీరా చూస్తే దానికి తెరా లేదు, కీబోర్డూ లేదు. పాఠాలు దాచుకునే చిన్న పెట్టె మాత్రమే. మరుసటి ఏడాది, 2010 జూలైలో, అప్పటి మానవ వనరుల మంత్రి కపిల్ సిబల్ ముప్పై అయిదు డాలర్ల టాబ్లెట్ నమూనాను చూపించారు. చివరకు 2011 అక్టోబరు 5న ఢిల్లీలో ఆకాశ్ విడుదలైంది. రాజస్థాన్ ఐఐటీ పర్యవేక్షణ, డేటావిండ్ సంస్థ తయారీ. విడి భాగాలను కూర్చింది మన హైదరాబాదులోనే. ప్రభుత్వానికి పడిన ధర సుమారు యాభై డాలర్లు, అంటే రెండు వేల మూడు వందల రూపాయల లోపు. తొలి ఆర్డరు లక్ష టాబ్లెట్లకు.

ఇక జమ వైపు చూద్దాం.

మొదటి పద్దు ధర. అదే ఏడాది జనవరిలో మన దేశంలో అమ్మకానికి వచ్చిన ఆపిల్ ఐప్యాడ్ కనీస ధర 27,900 రూపాయలు. ఆ సొమ్ముతో ఆకాశ్‌లు పన్నెండు వచ్చేవి. రెండో పద్దు యూఎస్‌బీ రంధ్రాలు. అప్పటి ఐప్యాడ్‌కు ఒక్కటీ లేదు, ఆకాశ్‌కు రెండుండేవి. పెన్‌డ్రైవ్ పెట్టి పాఠాలు ఎక్కించుకోవచ్చు, కీబోర్డు తగిలించుకోవచ్చు. ఇంటర్నెట్ లేని ఊళ్లో పిల్లవాడికి ఇది పెద్ద సౌకర్యం. మూడో పద్దు బరువు. ఏడు అంగుళాల తెర, 350 గ్రాములు. పుస్తకంలా చేతిలో ఇమిడేది. నాలుగో పద్దు, అన్నిటికన్నా గొప్పది, ఉద్దేశం. ఐఐటీ ఆచార్యుల పాఠాలను వీడియోలుగా తీసే ఎన్‌పీటెల్ కార్యక్రమం 2003 నుంచే నడుస్తోంది. ఆ పాఠాలు పల్లె కాలేజీ పిల్లల చేతికి అందాలన్న ఆలోచనను ఎవరు తప్పు పడతారు?

ఇప్పుడు ఖర్చు వైపు.

టాబ్లెట్‌లో రెండు రకాల చోటు ఉంటుంది. ఒకటి బీరువా, రెండోది బల్ల. ఫైళ్లు బీరువాలో ఉంటాయి, పనిచేసేటప్పుడు బల్ల మీదికి తెచ్చుకుంటాం. ఆకాశ్‌కు బీరువాగా 2 జీబీ కార్డు ఇచ్చారు. బల్ల 256 ఎంబీ మాత్రమే. పనిచేసే గుమాస్తా, అంటే ప్రాసెసర్, వేగం 366 మెగాహెర్ట్జ్. అప్పటి ఐప్యాడ్‌లో అది ఒక గిగాహెర్ట్జ్, దాదాపు మూడు రెట్లు. చిన్న బల్ల దగ్గర నిదానపు గుమాస్తాను కూర్చోబెడితే ఫైలు ఎలా కదులుతుందో మనకు వేరే చెప్పాలా?

తెర సంగతి. దానిది రెసిస్టివ్ తెర. రెండు పల్చని పొరలు, పైపొరను నొక్కితే కింది పొరకు తగులుతుంది. రబ్బరు స్టాంపు వేసినట్టు గట్టిగా నొక్కాలి. ఇందులో ఒక మేలుందని న్యాయంగా ఒప్పుకోవాలి. గోటితో నొక్కినా, పుల్లతో నొక్కినా పనిచేస్తుంది. ఈనాటి తెరలు వేలి చర్మంలోని విద్యుత్ గుణాన్ని పసిగట్టి పనిచేస్తాయి. అందుకే మన వయసువాళ్ల పొడిబారిన వేళ్లకు అవి ఒక్కోసారి పలకవు. అయినా గంటల తరబడి చదువుకునే పిల్లవాడికి ప్రతి మాటకూ గట్టిగా నొక్కడం కష్టమే.

బ్యాటరీ మూడు గంటలని చెప్పారు. కాలేజీ ఒక పూట కూడా గడవదు. ఇంటర్నెట్‌కు వైఫై తప్ప వేరే దారి లేదు, సిమ్ పెట్టే వీలు లేదు. 2011లో ఎన్ని పల్లె కాలేజీల్లో వైఫై ఉంది? అన్నిటికన్నా నాకు బాధ కలిగించేది మరొకటి. అందులోని ఆండ్రాయిడ్ 2.2లో తెలుగు అక్షరాలను ఒత్తులు, గుణింతాలతో సరిగా కూర్చి చూపే ఏర్పాటు లేదు. తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లకు ఆ తెర సగం మూసుకున్నట్టే.

తర్వాత తగాదాలు వచ్చాయి. ఏ పరీక్షలకు తట్టుకుంటే సరుకును అంగీకరించాలన్న విషయంలో ఐఐటీకి, తయారీదారుకు పొసగలేదు. 2012లో పథకం బొంబాయి ఐఐటీకి మారింది. ఆ ఏడాది నవంబరు 11న రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ఆకాశ్-2ను విడుదల చేశారు. అప్పటికి మన కాకినాడ ఎంపీ పళ్లంరాజు ఆ శాఖకు మంత్రి. అందులో ప్రాసెసర్ ఒక గిగాహెర్ట్జ్, బల్ల రెండింతలు, మెత్తగా తాకితే పలికే తెర. ధర దాదాపు అంతే! అంటే ఆ ధరకు మంచి వస్తువు ఏడాదిలోనే సాధ్యమైంది. కానీ అప్పటికే బజారులో చవక టాబ్లెట్లు, పెద్ద తెర ఫోన్లు వచ్చేశాయి. 2015 మార్చితో పథకం ముగిసింది.

మిత్రులారా, ఇక నికర శేషం తేల్చాలి. ఆకాశ్‌ను కొందరు మహాద్భుతం అన్నారు, కొందరు మోసం అన్నారు. నా లెక్కలో అది రెండూ కాదు. ఉద్దేశం సరైనదే, ధర తక్కువ కావడమూ దోషం కాదు. ధరను ముందు వేదిక మీద ప్రకటించి, వస్తువును తర్వాత ఆ ధరకు కుదించడమే దోషం. మామూలుగా మనం ముందు అవసరం రాస్తాం, దాన్నిబట్టి స్పెసిఫికేషన్ రాస్తాం, చివర ధర తేలుతుంది. ఇక్కడ వరస తిరగబడింది.

ఉద్యోగంలో ఉండగా ఒకసారి మా ఆఫీసుకు ఎల్-1 పద్ధతిలో, అందరికన్నా తక్కువ కోట్ చేసినవారి దగ్గర టైపు రిబ్బన్లు కొన్నారు. ఫైలులో పొదుపు బాగా కనిపించింది. వారం తిరక్కుండా అక్షరాలు వెలిసిపోయాయి. టైపిస్టులు ఒక్కో ఉత్తరం రెండుసార్లు కొట్టారు. ఆ రెండోసారి కొట్టిన శ్రమ ఏ రిజిస్టరులోనూ ఎక్కలేదు. ఆకాశ్ పట్టుకున్న విద్యార్థి శ్రమ కూడా అలాగే ఎక్కడా నమోదు కాలేదు.

అలాగని ఆ ఆలోచన వృథా పోలేదు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు ముందే పాఠాలు ఎక్కించిన టాబ్లెట్లు ఇచ్చారు. పాఠం పరికరంలోనే ఉంటే ఇంటర్నెట్ లేని ఇంట్లోనూ చదువు సాగుతుంది.

మనం టాబ్లెట్ కొనేటప్పుడు అంగట్లో నాలుగు ప్రశ్నలు అడుగుదాం. తెలుగు శుభ్రంగా కనిపిస్తుందా, రాయడానికి వీలుందా? బ్యాటరీ పొద్దంతా వస్తుందా? సాఫ్ట్‌వేర్‌ను ఇంకా ఎన్నేళ్లు సవరించి ఇస్తారు? పాడైతే మన ఊళ్లో బాగుచేసేవారు ఉన్నారా? మూడో ప్రశ్న మనకు మరీ ముఖ్యం. 2021 నుంచి ముఖం చూపించి ఇంటి నుంచే లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే సదుపాయం వచ్చింది కదా. సాఫ్ట్‌వేర్ పాతబడితే అలాంటి యాప్‌లు పనిచేయడం మానేస్తాయి. తెర వెలుగుతూనే ఉంటుంది, పని మాత్రం జరగదు.

కొనేది పిల్లలే అయినా, వాడేది మనమైతే మనల్ని అడిగి కొనమందాం. అంగట్లో మన వేలితోనే తాకి చూద్దాం. ఆకాశ్ విషయంలో పట్టుకునే చేతిని ముందుగా అడిగి ఉంటే ఆ లక్ష టాబ్లెట్ల కథ వేరుగా ఉండేదని నా నమ్మకం.