చక్రమునకు కళాయి

మా చిన్ననాట వేసవి వచ్చినదనగా ఊరికి కళాయివాడు వచ్చెడివాడు. చెట్టునీడను చిన్నగుంట త్రవ్వి, తిత్తి యమర్చి, గిన్నెను కాచి, నవాసాగరము చల్లి, తగరము పూసి, దూదితో నొక్క తుడుపు తుడిచెడివాడు. ఎంత తోమినను పోని చిలుము నిమిషములో మాయమై, ఇత్తడిగిన్నె వెండిగిన్నెవలె మెఱసెడిది. మా తల్లిగారు దానిని త్రిప్పి త్రిప్పి చూచుకొని మురియుచుండిరి. ఆ కళాయి వట్టి అలంకారము కాదు. పులుసులో చిలుము దిగకుండ కాపాడెడిది. మెఱుపును మేలును అచట నొక్కటియే. అందువలన మెఱసినదెల్ల బాగుపడినదే యను నమ్మకము మన బుద్ధిలో చిన్ననాటనే నాటుకొన్నది. ఈ పూట నేను చెప్పదలచినది, మెఱసియు బాగుపడని వస్తువు నొకదానిని గూర్చి. అది మోటారుకారు చక్రము.

“మాకు కార్లతో నేమి పని?” యని కొందఱు పెద్ద లనుకొనవచ్చును. పండుగకు పట్టణమునుండి వచ్చు కొడుకు కారులో వచ్చుచున్నాడు. పురిటికి కూతురును కారులోనే తీసికొనిపోవుచున్నాము. ఆ కారు పాతదైనచో దాని చక్రముల నెవరో యొకరు మెఱుగు పెట్టించియే యుందురు. కనుక మనకును పని కలదు.

నా మేనల్లుడు పట్టణమున నొక పాతకారు కొని, మాకు చూపుటకై తెచ్చెను. చక్రములు నాలుగును క్రొత్త వెండికంచములవలె నుండెను. ఆ మఱునాడు పిల్లలనందఱ నెక్కించుకొని కోటప్పకొండ తిరునాళ్ళకు పోవలెనని ఏర్పాటు. తెల్లవారి చూతుము గదా, ఎడమవైపు ముందుచక్రమున గాలి సగము లేదు. టైరున మేకు లేదు, ముల్లు లేదు. మా ఊరి పంక్చర్లవాడు చక్రమును నీటితొట్టిలో ముంచి చూచెను. బుడగలు టైరునుండి కాక లోహమునుండియే వచ్చుచుండెను. వాడు లోపలివైపు రంగును చాకుతో గీకెను. రంగు క్రింద లప్పము, లప్పము క్రింద వ్రేలెడు పగులు! “మాస్టారూ, రంగు వేసినవాడు దీన్ని చూడక వేసినాడనుకొన్నారా? చూసే వేసినాడండీ” అనెను. మా చెల్లెలు పిల్లల నెక్కించిన కారు తలుపు తీసి, ఒక్కొక్కరినే దింపివేసెను. ఎవ్వరును మాటాడలేదు.

నేను పాఠములు చెప్పి బ్రదికినవాడను. తెలియనిదానిని చదువక నిద్రపట్టదు. నాటినుండి ఈ చక్రమును గూర్చి చదివితిని, పనివారి నడిగితిని.

మన యెడ్లబండి చక్రము సంగతి మీకు నాకంటె బాగుగ తెలియును. నడుమ కుండ, చుట్టు ఆకులు, వానిపై పూటీలు, అన్నిటిని బిగించి యినుపపట్టా. ఆకు వదులైనచో కిఱ్ఱుమనును, పట్టా సడలినచో గలగలమనును. అది చెడుటకు ముందు పదిరోజులు మొఱపెట్టును. పాతకార్ల ఉక్కుచక్రమును కొంత మర్యాద గలదియే. గుంటలో పడినచో విరుగుటకు ముందు సాధారణముగ వంగును, సొట్టపడును. ఇప్పటి అల్లాయ్ చక్రము అల్యూమినియమునకు నూటికి 7 పాళ్ళ సిలికాన్, కొంచెము మెగ్నీషియమును చేర్చి పోతపోసిన మిశ్రలోహము. తేలిక, అందము. కాని పోతలోహము మొఱపెట్టదు. దెబ్బ బలముగ తగిలినచోట సన్నని పగులు పుట్టి, మెల్లగ పెరుగును. నడిమితరహా కారుచక్రము కిలోమీటరునకు 500 సార్లకు పైగా తిరుగును. తిరిగిన ప్రతిసారియు దాని ఆకులపై బరువు పడి తొలగును, పడి తొలగును. 60 కిలోమీటర్లు పోయినచో ఆ పగులు 30,000 సార్లకు పైగా లాగబడి వదలబడిన దన్నమాట.

ఇక అసలు రహస్యము. ఈ లోహమునకు బలము పోతతోనే రాదు. చక్రమును సుమారు 540 డిగ్రీల వేడిలో గంటల తరబడి యుంచి, చప్పున నీటిలో చల్లార్చి, మరల 150 డిగ్రీలకు కొంచెము పైగా మెల్లగ కాచుదురు. అప్పుడు లోపల కంటికి కానరాని సన్నని రేణువు లేర్పడి, లోహపు పొరలు జారకుండ పట్టి నిలుపును. ఈ ధర్మమును తొలుత కనిపెట్టినవాడు ఆల్ఫ్రెడ్ విల్మ్ అను జర్మనీ దేశీయుడు. 1906లో రాగియు మెగ్నీషియమును కలిపిన అల్యూమినియమును కాచి, చల్లార్చి, దాని గట్టిదనమును కొలిచెను. సెలవు గడచిన పిదప మరల కొలువగా, ఊరకున్న లోహము తనంతట తానే గట్టిపడియుండెను! చక్రపు లోహము వేఱైనను సూత్రము అదియే.

వేడివలన వచ్చిన బలము వేడివలననే పోవును. మెఱుగు పెట్టువారిలో కొందఱు పాతరంగును ఊడ్చుటకు చక్రమును 400 డిగ్రీల ప్రాంతము గల కొలిమిలో నుంతురు. ఆ వేడిలో పైన చెప్పిన సన్నని రేణువులు కలిసి ముద్దలై, పట్టు విడుచును. మఱికొందఱు వంగిన అంచును గ్యాసుమంటతో కాచి సుత్తితో సాగదీయుదురు. మన కమ్మరి యినుమును కాచునపుడు దాని రంగును బట్టి వేడిని తెలిసికొనును. అల్యూమినియము ఆ యుపకారము చేయదు. పగటివెలుతురున అది యెఱ్ఱబడినట్లు కానరాకయే కరగును. మంట పట్టినవానికి తా నెంత కాచెనో తెలియదు. చల్లారిన పిదప చక్రమును చూచినవానికిని తెలియదు. మృదువైన చక్రమునకును గట్టి చక్రమునకును మెఱుపులో భేదము లేదు.

పౌడర్ కోటింగ్ అను పద్ధతిలో పొడిరంగు చల్లి 180 మొదలు 200 డిగ్రీల వఱకు కాచుదురు. చక్రములు చేయువారును ఇట్టి రంగు వేయుదురు; కాని వారు లెక్క చూచుకొని వేయుదురు. గడియారము చూడక కాచినను, ఒకే చక్రమును మాటిమాటికి కాచినను బలము తగ్గును. పగులునకు అతుకుపెట్టి కరిగించుట ఇంకను చెడ్డది. ఆకులోని పగులును అతుకువేసి యిత్తునను దుకాణమునకు నమస్కారము పెట్టి వెనుకకు రావలెను. లేతుపై ముఖమును చెక్కి అద్దమువలె చేయుపద్ధతియు నొకటి కలదు. చెక్కినప్పుడెల్ల కొంత లోహము పోవును. పోయినది రంగుతో రాదు.

అన్నిటికంటె చిన్నదిగ తోచునది మఱలు కూర్చుండు చోటు. దశరథుని రథమునకు చీల యూడగా కైక తన వ్రేలుంచి నిలిపిన కథ మన యిండ్లలో చెప్పుకొందురు. కారుచక్రమును నిలుపునవి ఆ నాలుగైదు మఱలే. అవి లోహముపై లోహముగ ఆనవలెను. రంగువాడు ఆ గుంటలలోను, చక్రము వెనుకవైపు ఆనుచోటను దట్టముగ రంగు వేసినచో, మఱ బిగిసినట్లే యుండును. పరుగులో రంగు నలిగి బిగువు సడలును. కనుక అచట రంగు తీయించి, కొలతకఱ్ఱ గల తాళముతో కంపెనీ చెప్పినంతయే బిగింపించి, 50 మొదలు 100 కిలోమీటర్లు నడిచిన పిదప మరల చూపించుకొనవలెను. ఈ రెండవసారి చూపించుకొనువారిని నే నింతవఱకు ఒక్కరినే చూచితిని. అది నా మేనల్లుడు, అదియు భయపడిన పిదప.

ఇంతవఱకు చక్రమెక్కువారి సంగతి. చక్రము తోమువాని సంగతి ఇంకను చెప్పవలసియున్నది; వాడును మన ఊళ్ళనుండి పోయిన పిల్లవాడే. అల్యూమినియపు సన్నపొడి గాలిలో లేచి నిప్పురవ్వ తగిలినచో మందువలె ప్రేలును. మూతమీద వంటచేయు లోహము మండునా యని నవ్వవలదు. 2003 అక్టోబరు 29న అమెరికాలో ఇండియానా రాష్ట్రపు హంటింగ్టన్ పట్టణమున, ఇట్టి చక్రముల కర్మాగారములో ఆ పొడి ప్రేలి పనివా డొకడు మరణించెను. 2014 ఆగస్టు 2న చైనాలో కున్షాన్ పట్టణమున కారుచక్రములకు మెఱుగు పెట్టు శాలలోనే ప్రేలుడు జరిగెను. ఆ దినముననే 75 మంది, ఆ యేడు ముగియునప్పటికి మొత్తము 146 మంది మరణించిరి. వారందఱును చేసిన పని, చక్రమును మెఱయించుట. చిన్న దుకాణములో అంత పొడి చేరదు. అయినను మూలలలో, దూలములపై పేరుకొన్న బూడిదను గాలిగొట్టముతో ఊదుట, ఇనుమును అల్యూమినియమును ఒకే సానపై పట్టి రవ్వలు లేపుట ప్రమాదము. నిప్పంటినచో నీరు చల్లరాదు. కాలుచున్న ఆ పొడి నీటినుండి హైడ్రోజన్ వాయువును పుట్టించి మంటను పెంచును. ఎండిన యిసుకతో మెల్లగ కప్పవలెను.

మఱియొక శత్రువు సీసాలో నుండును. చక్రపు మకిలి వదలించు మందులలో కొన్నిటియందు హైడ్రోఫ్లోరిక్ ఆమ్లము గలదు. ఇతర ఆమ్లములు తగిలినచో చుఱ్ఱుమని చేయి వెనుకకు తీసికొందుము. ఇది పలుచగ నున్నచో గంటల తరబడి నొప్పియే తెలియనీయక, చర్మము దాటి లోనికి దిగి, రక్తములోని కాల్షియమును హరించును. అధికమైనచో గుండె ఆగును. తగిలినదని తోచినచో నొప్పికై వేచియుండక విస్తారమైన నీటితో కడిగి, ఆ సీసాతోకూడ ఆసుపత్రికి పోవలెను. దానికి వైద్యులు కాల్షియం గ్లూకోనేట్ అను లేపము వాడుదురు. సీసాపై పేరు లేని మందును కొనకుండుటయే మేలు.

అటులయ్యు చక్రమును బాగుచేయించుటయే తప్పని నేననను. కాలిబాట అంచు రాసికొని పైగీతలు పడినచో నున్నగ రుద్ది, వేడి లేకుండ ఆరు రంగు వేయించుకొనవచ్చును. టైరు ఆనుచోట తుప్పువంటి పొక్కులు లేచి గాలి జాఱుచున్నచో శుభ్రపఱచుట అవసరమే. నేను కోరున దొక్కటి: రంగు ఊడ్చిన పిదప, క్రొత్తరంగు వేయుటకు ముందు, దిగంబరమైన చక్రమును మాకు చూపుమని యడుగుడు. లోపలివైపున చూడుడు, గుంటదెబ్బల పగుళ్ళు తఱచుగ అచటనే పుట్టును. ఎఱ్ఱని పలుచద్రవము పూసి, తుడిచి, తెల్లపొడి చల్లినచో, పగులులో దాగిన ఎఱుపు బయటికి వచ్చి గీతగ కనబడు పరీక్ష యొకటి కలదు. “చూపుట మా పద్ధతి కాదు” అనువాని పని యేదియో మన మూహించుకొనవచ్చును. పాతకారు కొనునపుడు బండి పాతదై చక్రము లొక్కటే క్రొత్తగ మెఱయుచున్నచో, సంతోషించుటకు ముందు టైరు విప్పించి చూడుడు.

మా మేనల్లుడు ఆ చక్రమును తీయించి, అదనపు చక్రముతో పట్టణమునకు మెల్లగ పోయి, మిగిలిన మూటిని పరీక్ష చేయించెను. ఇంకొకదానిలోను పగులు గలదు. క్రొత్తవి కొనెను. పాత రెండింటిని పాతసామాను వ్యాపారి అడుగగా, నేను వలదంటిని. అతడు మంచివాడే, అయినను అతనివద్ద కొనువా డెవడో మనకు తెలియదు. మా పెరటిలో, పంక్చర్లవాడు పట్టుకొనగా, వడ్రంగి రంపముతో కాదు, ఇనుము కోయు రంపముతో రెండింటిని నడిమికి కోయించి, ఆ ముక్కలను అతనికిచ్చితిమి.